పోర్టల్లో పేట మాట ఎక్కడ?

గౌతమి ఎడమ గట్టున ఉన్న కపిలేశ్వరపురాన్ని పాతతరం వారు కోనసీమగా లెక్కించరు. గౌతమికీ వశిష్ఠకీ నడుమనున్న నేలనే వారు కోనసీమగా ఎరుగుదురు. ఏటికి ఈవలనున్న ఈ మండలం 2022 ఏప్రిల్ 4న, జిల్లాల పునర్వ్యవస్థీకరణతో, కొత్త కోనసీమ జిల్లాలో చేరింది. అంతకు ముందు జనవరిలో ముసాయిదా ప్రకటన వెలువడింది. అభ్యంతరాలకు ముప్పై రోజుల గడువు ఇచ్చారు. చట్టం దృష్టిలో ప్రజలను అడిగినట్టే. కేదార్లంకలోనో అద్దంకివారిలంకలోనో కౌలు భూమిలో పనిచేసుకునే దళిత కుటుంబం చెవిన ఆ అడగడం పడిందా లేదా అన్న లెక్క రాసే అలవాటు మన పాలనకు లేదు. ఆరు వారాలు గడిచాక, మే 18న, మరో ప్రకటన వెలువడింది. మళ్లీ ముప్పై రోజులు. ఈసారి అడిగింది పేరు గురించి: కోనసీమ జిల్లాను డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాగా మార్చడంపై సూచనలు, అభ్యంతరాలు కలెక్టరుకు రాతపూర్వకంగా అందజేయాలన్నారు.

గడువు మొదలైన ఆరు రోజులకే, మే 24న, అమలాపురం తగలబడింది. అప్పటి మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, శాసనసభ్యుడు పొన్నాడ సతీష్ ఇల్లు, బస్సులు మంటల్లో కాలాయి. ఆ ఇద్దరిలో ఒకరు దళితుడు, మరొకరు వెనుకబడిన తరగతికి చెందినవారు అన్న సంగతి యాదృచ్ఛికమని ఎవరైనా అనదలిస్తే అనవచ్చు. పోలీసులు వాట్సాప్ సందేశాలను ఆధారాలుగా చూపారు. రెండు వందల మందికి పైగా అరెస్టయ్యారు. ఇంటర్నెట్ సేవలను నిలిపివేశారు. కొన్ని ప్రాంతాల్లో ఆ నిలిపివేత దాదాపు రెండు వారాలు సాగింది. ఇంటినుంచి పనిచేసే యువకులు సిగ్నల్ కోసం ల్యాప్‌టాప్‌లు పట్టుకుని గోదావరి ఒడ్డుకు చేరిన దృశ్యాలు అప్పుడు పత్రికల్లో వచ్చాయి. జూన్ 24న మంత్రివర్గం కొత్త పేరును ఆమోదించింది. మరుసటి ఏడాది కేసులను ఎత్తివేస్తామని నాటి ముఖ్యమంత్రి ప్రకటించారు.

ఈ వరుసలో ప్రజల భాగస్వామ్యం అనేది ఎక్కడ జరిగింది? ప్రభుత్వం తెరిచిన మార్గంలో అర్జీలు పడుతూ ఉన్నాయి. అక్కడ ఒకరి అర్జీ మరొకరు చదవరు. ఒకరి కారణానికి మరొకరు జవాబు చెప్పుకోరు. అసలు చర్చ చేతిలోని ఫోనులో, కులాలవారీ వాట్సాప్ గ్రూపుల్లో నడిచింది. ఏ గ్రూపులోనైనా అందరూ ఒకే మాట అంటారు గనుక ఊరంతా అదే అంటోందన్న భ్రమ ప్రతి గ్రూపుకూ కలిగింది. పేట కుర్రాడు, కాపు కుర్రాడు, శెట్టిబలిజ కుర్రాడు ఒకే కళాశాలలో ఒకే బెంచీ మీద కూర్చుని వేర్వేరు తెరల్లోకి చూశారు. ఇక ప్రభుత్వం చేతిలో మిగిలినవి రెండే సాధనాలు: ఒకటి అర్జీల పెట్టె, రెండోది ఇంటర్నెట్ మీట. నిలిపివేత ఉత్తర్వులు బహిరంగపరచాలని, అవసరానికి మించి ఉండరాదని సుప్రీంకోర్టు 2020 జనవరి 10న అనురాధా భసీన్ కేసులో చెప్పింది. ఆ తీర్పు తరువాత కూడా మన రాష్ట్రంలో మాట పెరిగితే మొదట గుర్తొచ్చేది మీటే.

అదే పునర్వ్యవస్థీకరణలో ఎన్టీఆర్, అల్లూరి సీతారామరాజు, అన్నమయ్య, శ్రీసత్యసాయి పేర్లతో జిల్లాలు ఏర్పడ్డాయి. అక్కడక్కడ నిరసనలు, విజ్ఞప్తులు ఉన్నాయి గాని ఏ పేరు కోసమూ ఎవరి ఇల్లూ కాలలేదు. మంట రేగింది అంబేడ్కర్ పేరు దగ్గరే. అమలాపురం లోక్‌సభ స్థానం షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు అయినది. దాని పరిధిలోని ఏడు శాసనసభ స్థానాల్లో అమలాపురం, రాజోలు, గన్నవరం మూడూ రిజర్వు స్థానాలే. ఎడుర్లంక బిడ్డ జి.ఎం.సి. బాలయోగిని లోక్‌సభ స్పీకరు పీఠం దాకా పంపిన నేల ఇది. అలాంటి చోట కూడా దళితుడికి ఓటు అడిగే హక్కు ఉంది గాని జిల్లా పలకమీద పేరు ఉండే హక్కు మాత్రం మిగిలినవారి అంగీకారానికి లోబడి ఉంటుందని కొందరు అనుకున్నారు. ఆన్‌లైన్‌లో ప్రజాభిప్రాయ సేకరణ గురించి మాట్లాడే ప్రతివారూ ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న ఇక్కడే ఉంది. ఏది లెక్కకు పెట్టవచ్చు, ఏది పెట్టకూడదు?

ఈ ప్రశ్నను ఇప్పుడు లేవనెత్తడానికి కారణం ఉంది. ప్రజాభాగస్వామ్యం అనే మాట సాంకేతిక పరిభాషగా మారిపోతున్న రోజులివి. కేంద్రం 2014 జూలైలోనే మైగవ్ వేదికను తెరిచింది. పంచాయతీల ప్రణాళికలు, ఖర్చులు నమోదు చేసే ఈ-గ్రామస్వరాజ్ 2020 ఏప్రిల్ 24న వచ్చింది. మన రాష్ట్రంలో 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో 161 సేవలను వాట్సాప్ లోకి తెచ్చారు. అదే ఏడాది ఆగస్టు 14న కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 'సభాసార్' అనే కృత్రిమ మేధ సాధనాన్ని ప్రారంభించింది. గ్రామసభలో మాట్లాడిన మాటల రికార్డును దానికి వినిపిస్తే అదే సభా కార్యక్రమాల వివరణ రాసిపెడుతుంది. కులధ్రువీకరణ పత్రం కోసం మండల కార్యాలయం మెట్లు పదిసార్లు ఎక్కిన విద్యార్థికి మన మిత్ర వంటిది చిన్న మేలు కాదు. దాన్ని వెక్కిరించడం ఫోను, ఖాళీ రెండూ ఉన్నవారికి మాత్రమే సాధ్యం. కాని అడిగిన కాగితం చేతికి అందడం వేరు, ఊరి నిర్ణయంలో చెయ్యి ఉండడం వేరు. మొదటిదాన్ని చూపించి రెండోది కూడా వచ్చేసిందనడం పాలకులకు అలవాటవుతోంది.

సభాసార్ సంగతే చూద్దాం. అది విన్నది రాస్తుంది. గ్రామసభలో ఎవరు వినబడతారు? 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిపి ఘనంగా చెప్పుకున్నాం. సభ జరగడం గొప్పే. అయితే సభలో కుర్చీల వరుస ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, చెట్టుకింద నిలబడి వినేవారు ఎవరో, పేటకు రోడ్డు కావాలని లేచిన ఆడమనిషి గొంతు సగంలో ఎందుకు ఆగిపోతుందో గోదావరి జిల్లాల్లో పెరిగినవారికి ఒకరు చెప్పనక్కరలేదు. మౌనానికి శబ్దం లేదు గనుక యంత్రానికి అది లేనట్టే. పూర్వం పంచాయతీ గుమస్తా రాతలో పేట మాట లేకపోతే గుమస్తాను నిలదీయవచ్చు. రేపు యంత్రం రాసిన దానిలో లేకపోతే, మీరు మాట్లాడలేదు కదా అంటారు. ఊళ్లో టముకు వేసి సభ ఉందని చాటిన మనిషికే ఆ సభలో కూర్చునే చోటు లేని కాలం మరీ దూరానిదేమీ కాదు.

1919లో సౌత్‌బరో కమిటీ ముందు యువ అంబేడ్కర్ ఇచ్చిన వాంగ్మూలం ఈ చర్చకు మూలం కావాలి. అభిప్రాయాలకు ప్రాతినిధ్యం దొరికితే చాలదు, మనుషులకు ప్రాతినిధ్యం ఉండాలి, అప్పుడే అది ప్రజాప్రభుత్వం అని ఆయన వాదించాడు. అంటరానివారి మేలు కోరే ఉదార హిందువు వారి అభిప్రాయాన్ని సభలో చెప్పగలడు. అయినా ఆ సభలో అంటరాని మనిషి లేడు. ఆన్‌లైన్ వేదికలన్నీ అభిప్రాయాలను పోగుచేసే యంత్రాలు. ఎన్ని సూచనలు వచ్చాయో, ఎందరు సరే అన్నారో చూపిస్తాయి. ఆ సూచన చేసినవాడు ఆ మాట అన్న మర్నాడు ఎవరి చేలో కూలికి వెళ్లాలో వాటికి తెలియదు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో గ్రామాన్ని ఆదర్శంగా కొలిచేవారిని ఆయన నిలదీసినప్పుడు కూడా ఆయన బెంగ ఇదే. గ్రామానికి అధికారం అంటే గ్రామంలో ఎవరికి అధికారం?

గ్రామం తీర్మానాలు చేయడం ఎరుగనిది కాదు. 2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో చెరువుగట్టున ఇతర నాయకుల విగ్రహాల సరసన అంబేడ్కర్ విగ్రహం పెట్టినందుకు దళితులను వెలివేశారు. పనికి పిలవరాదు, కౌలుకు ఇవ్వరాదు. కట్టుబాటు దాటినవారికి జరిమానా. సమష్టి నిర్ణయం అంటే ఊరి అనుభవంలో అదీ ఒకటి. ఎంతో క్రమశిక్షణతో అమలైన నిర్ణయం! సాధనం లేక ఊళ్లు కలిసి నిర్ణయించలేకపోతున్నాయని సాంకేతిక నిపుణులు అంటుంటే పేటవారికి ఆశ్చర్యం కలుగుతుంది. వారు చూసిన ఐకమత్యం ఎప్పుడూ వారిమీదికే వచ్చింది.

దీనికి ప్రభుత్వ ముద్ర వేసుకున్న రూపం ఏకగ్రీవం. 2021 పంచాయతీ ఎన్నికల ముందు రాష్ట్ర ప్రభుత్వం ఏకగ్రీవ పంచాయతీలకు నజరానాలు ప్రకటించింది. రెండు వేల లోపు జనాభా ఉంటే 5 లక్షలు, ఐదు వేల లోపు 10 లక్షలు, పది వేల లోపు 15 లక్షలు, ఆపైన 20 లక్షలు. పోటీ లేకపోవడానికి ధర కట్టిన ప్రజాస్వామ్యం ఇది. రిజర్వు సర్పంచి స్థానంలో ఎవరు నిలబడాలో పెద్దలు అరుగుమీద కూర్చుని తేల్చి, ఆ పేరుకు పేటచేత తల ఊపించి, ఆ తల ఊపుడుకు లక్షలు తెచ్చుకునే ఏర్పాటు. రేపు ఇదే అరుగు ఒక యాప్ లోకి మారితే ఏమవుతుంది? ప్రతిపాదనకు తొంభై శాతం ఆమోదం అని తెర చూపిస్తుంది. ఆ మిగిలిన పది శాతం ఊరి చివర ఒకే చోట నివసిస్తున్నారన్నది తెరమీద ఉండదు.

ఆ పది శాతం కూడా నమోదు అయితేనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. అప్పటినుంచి ఫోన్లు పెరిగి ఉంటాయి. కాని ఇంటికొక ఫోను ఉంటే అది ఎవరి జేబులో ఉంటుందన్న ప్రశ్న మారలేదు. నాలుగు ఫోన్లున్న మేడ నాలుగు ఓట్లు వేస్తుంది. ఒకే ఫోనున్న పేట ఇంటిలో ఆ ఫోను కొడుకుతో పాటు హైదరాబాదు పోయి ఉంటుంది.

ఇంతమాత్రాన సాధనాలే వద్దనడం తెలివితక్కువ. అది పాత అరుగునే కాపాడుతుంది. కోనసీమ పేటలనుంచి కువైట్‌కు, మస్కట్‌కు ఇంటిపనికి వెళ్లిన తల్లులను తలచుకోండి. ఇంటి స్థలం, మురుగుకాలువ, శ్మశానానికి దారి, బడి, ఏది కావాలో వారికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆ ఇల్లు నిలబడింది వారి డబ్బుమీదే. గ్రామసభ జరిగే రోజున వారు ఊళ్లో ఉండరు. వరదరోజుల్లో పడవ దాటి రాలేని లంకవాసికీ, సెలవు దొరకని ఆసుపత్రి ఆయాకీ ఇదే పరిస్థితి. అరుగు ఎక్కకుండానే, ఎదుట నిలబడకుండానే మాట చెప్పగల వీలు దళితుడికి ఎంత విలువైనదో అరుగుమీద పుట్టినవారికి తెలియదు. కనుక చూడవలసింది సాధనాన్ని ఎవరి దిక్కునుంచి కట్టారన్నదే.

తైవాన్‌లో 2015లో ఉబర్ వివాదాన్ని విస్తృత చర్చకు పెట్టినప్పుడు పోలిస్ అనే సాధనాన్ని వాడారు. ఎవరైనా ఒక మాట రాయవచ్చు. మిగిలినవారు ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు, దాటవేయవచ్చు. ఎదురు జవాబు రాసే చోటు మాత్రం ఉండదు. తిట్టుకోవడానికి వీలు లేకుండా చేసి, జనం ఎన్ని గుంపులుగా ఆలోచిస్తున్నారో, ఏ మాట దగ్గర గుంపులు కలుస్తున్నాయో బొమ్మగీసి చూపించారు. 2022 మే నెలలో కోనసీమలో అలాంటిదేమైనా ఉండి ఉంటే గ్రూపులు తమ భ్రమల్లోంచి కొంతైనా బయటపడేవేమో. అయినా ఇక్కడ ఒక చిక్కుంది. తైవాన్ గుంపులు అభిప్రాయాన్ని బట్టి ఏర్పడినవి, అభిప్రాయం మారితే మారతాయి. మన గుంపులు పుట్టుకతో ఏర్పడినవి. అందరూ ఒప్పుకునే మాటనే ముందుకు తెచ్చే సాధనం మన ఊళ్లో వీధి దీపాలను, బస్సు సౌకర్యాన్ని పైకి తెస్తుంది. ఊరి గుడిలో ప్రవేశం, ఊరుమ్మడి శ్మశానం, లంకభూముల పట్టాలు ఏనాటికీ అందరూ ఒప్పుకునే జాబితాలోకి రావు.

బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రే నగరం మనకు ఎక్కువ పనికొస్తుంది. 1989లో అక్కడ మొదలైన ప్రజాబడ్జెట్ విధానంలో పేట పేటకూ సభలు పెట్టి పనులు ఎంచుకున్నారు. అందులో మెచ్చుకోవలసింది సభలకంటే లెక్క. సౌకర్యాలు తక్కువగా ఉన్న పేటకు ఎక్కువ మార్కులు వేసి నిధులు పంచారు. గొంతుల సంఖ్యతో పాటు లోటు ఎంతుందన్నదీ తూకంలో పడింది. మనకు 2013 నాటి ఉపప్రణాళిక చట్టం ఉంది. దళితుల జనాభా నిష్పత్తిలో నిధులు కేటాయించి, వారికి నేరుగా మేలు చేసే పనులకే ఖర్చు చేయాలన్నది దాని ఉద్దేశం. ఆ డబ్బు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నను ఊరందరి ఓటుకు వదిలేస్తే చట్టం నీరుగారిపోతుంది. అది పేట మాత్రమే తేల్చుకోవలసిన విషయం.

అంత దూరం పోనక్కరలేకుండా మన దగ్గరే ఒక నమూనా ఉండేది. 2006లో అనంతపురంలో పెద్దఎత్తున సాగిన ఉపాధి హామీ సామాజిక తనిఖీలో మస్టరు కాగితాలు పట్టుకుని యువకులు పేటల్లోకి వెళ్లారు. కూలి కుటుంబాల పిల్లలే తనిఖీదారులుగా శిక్షణ పొందారు. నీ పేరుమీద ఇన్ని రోజుల పని, ఇంత కూలి రాసి ఉంది, అందిందా అని ఇంటి ముందు అడిగారు. తరువాత అందరి ముందూ చదివారు. అడగడానికి వెళ్లినవాడు పేట బిడ్డ కావడం వల్లే జవాబు దొరికింది. ఆ తరువాత కాలంలో అదే పథకంలో హాజరు ఫోటోలు ఎక్కించే యాప్ వచ్చింది. 2023 జనవరి 1నుంచి దాన్ని తప్పనిసరి చేశారు. పారదర్శకత పేరుతోనే వచ్చింది. కూలి మనిషి అంతకుముందు కాగితం చదివించుకుని ప్రశ్న అడిగేవాడు. ఇప్పుడు రోజుకు రెండుసార్లు ఫోటోలో నిలబడేవాడయ్యాడు. రెండూ సాంకేతిక పాలనలే అంటారు కొందరు.

మళ్లీ కపిలేశ్వరపురానికే వద్దాం. జమీందారీ ఏలిన ఊరు, హరికథకు పాఠశాల ఉన్న ఊరు. వందల మందికి కథ చెప్పి వినిపించే విద్యను పోషించిన చోట పేట మాటను వినిపించే ఏర్పాటు అడగడం అత్యాశ కాదు. గోదావరి గట్టున ఇసుక ర్యాంపు ఎక్కడ ఉండాలి, లారీలు ఏ దారిన పోవాలి, ఆ దుమ్ము ఎవరి ఇళ్లమీద పడాలి అన్న ప్రశ్నను ఆన్‌లైన్‌లో పెట్టారనుకుందాం. ఫోను నంబరుతో లాగిన్ కావాలి. ఊళ్లో నంబరు అంటే పేరు, పేరు అంటే ఇల్లు, ఇల్లు అంటే కులం. ర్యాంపు వద్దన్న నంబరు ఎవరిదో సాయంత్రానికి తెలిసిపోతుంది. మర్నాడు ఆ ఇంటి మగవాడికి ర్యాంపులో పని ఉండదు. పోనీ ఎవరిదో తెలియకుండా చేస్తే దొంగ ఖాతాలు, బూతులు. కనుక మనిషి ఎవరో వ్యవస్థకు తెలియాలి, పొరుగువాడికి గాని సర్పంచికి గాని తెలియరాదు. ఫలితాన్ని మాత్రం మొత్తంగా ఒక అంకెలో చెప్పకుండా, పేట ఏమంది, లంక ఏమంది, ఊరు ఏమంది అని విడివిడిగా చూపాలి. పదిహేను ఇళ్ల పేట అయితే విడిగా చూపడమే ఆచూకీ చెప్పడమవుతుంది. అలాంటి చోట పక్క ఊళ్ల పేటలతో కలిపి చూపాలి. ఇవి చిన్న వివరాలుగా కనబడవచ్చు. కూలి పోగొట్టుకునేవాడికి ఇవే అసలు విషయం.

2019 అక్టోబరులో ఊళ్లలో సచివాలయాలు వచ్చాయి. వాటిలో డిజిటల్ అసిస్టెంట్ ఉన్నాడు. పేట తన సభను తాను ముందు జరుపుకుని, అక్కడ తేలిన మాటను ఆ ఉద్యోగి పేటలోనే కూర్చుని నమోదు చేసి, చదివి వినిపించి, వారు సరే అన్నాకే గ్రామసభ ముందుకు తేవాలి. గ్రామసభ దాన్ని కాదంటే కారణం రాయాలి. ఆ కారణం పేట గోడమీద తెలుగులో అంటించాలి. ఇందుకు కొత్త యాప్ అక్కరలేదు, ఒక ప్రభుత్వ ఉత్తర్వు చాలు. సభాసార్‌ను వాడదలిస్తే వాడండి. సభలో ఎవరెంతసేపు మాట్లాడారో అది కొలవగలిగితే, పేట ఆడవారు మాట్లాడిన నిమిషాలెన్నో కూడా ఆ వివరణలో మొదటి వరుసలో రాయించండి. సున్నా అయితే సున్నా అనే రాయాలి. ఆ సున్నా ఉన్న సభ తీర్మానాన్ని మండల అధికారి తిప్పిపంపాలి.

ఇక మొదట అడిగిన ప్రశ్న. ఏది లెక్కకు పెట్టకూడదు? బావి, దారి, శ్మశానం, విగ్రహం, పేరు. ఒక మనిషి మిగిలినవారితో సమానంగా నిలబడడానికి సంబంధించిన దేనిమీదా ఊరి సమ్మతి అడగకూడదు. 2022లో ప్రభుత్వం ముందు ఏప్రిల్‌లో ఒక పేరు పెట్టి, మే నెలలో అంబేడ్కర్ పేరును వేరుగా తెచ్చి, దానికి ముప్పై రోజుల అభ్యంతరాల గడువు ఇచ్చింది. చట్టప్రకారం అది మామూలు తంతే కావచ్చు. ఎన్టీఆర్ పేరు, అల్లూరి పేరు ప్రభుత్వమే తేల్చి మొదటి ముసాయిదాలోనే రాసింది. అంబేడ్కర్ పేరు మాత్రం విడిగా, ఒంటరిగా, ఊరి నడిమధ్య నిలబడి అందరి అభ్యంతరాలకూ ఎదురుచూడవలసి వచ్చింది. అప్పుడు జిల్లాలో ఉన్న దళిత విద్యార్థి తన తరగతి స్నేహితుడి స్టేటస్‌లో ఏం చదివాడో, ఆ స్నేహితుడితో ఇప్పుడు మాట్లాడుతున్నాడో లేదో, ఏ పోర్టల్ కూడా ఇంతవరకు అడగలేదు.